మైటర్ సా మీద 31.6 అనే గీత ఎందుకుంది?

వారానికి ఒక్కరైనా నన్ను అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ఇంట్లో చిన్న వర్క్‌షాప్ పెట్టుకుంటున్నా, ఏ కాంపౌండ్ మైటర్ సా కొనాలి?" ఒక మోడల్ పేరు చెప్పేసి వెళ్లిపోవచ్చు. కానీ ఈ మెషిన్ అసలు ఎవరి కోసం పుట్టిందో తెలియకుండా కొంటే ఏమవుతుందో నాకు అనుభవమే.

నా మొదటి మెషిన్‌ని మా బావ డల్లాస్ నుంచి సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చాడు. పది అంగుళాల బ్లేడు. తెరిచి చూస్తే కింద కోణాల స్కేలు మీద 0, 15, 22.5, 45 ఉన్నాయి. సరే, 22.5 ఎనిమిది మూలల ఫ్రేముకి, 45 మామూలు ఫ్రేముకి. మరి 31.6 ఏంటి? వెనకాల బ్లేడుని పక్కకి వంచే స్కేలు మీద 33.9 ఇంకొకటి. ఆ రెండు అంకెల వెనకే ఈ మెషిన్ కథంతా ఉంది.

మొదట చెక్క పెట్టె ఉండేది. మూడు పక్కల పలకలు, వాటిలో 45 డిగ్రీలకి గాడి, ఆ గాడిలో చేతిరంపం. అంతే. గాడి అరిగిపోతే కోణం పోయేది. 19వ శతాబ్దం రెండో సగంలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో లాంగ్డన్ పేరుతో ఇనుప మైటర్ బాక్సులు వచ్చాయి. రంపం అటూ ఇటూ ఊగకుండా పట్టుకునే ఏర్పాటు, కోణం మార్చుకునే వీలు. కానీ కోసేది మాత్రం మనిషి చెయ్యే.

తర్వాత 1922లో రేమండ్ డివాల్ట్ అనే ఆయన మోటారునీ బ్లేడునీ ఒక చెయ్యి లాంటి కమ్మీకి వేలాడదీసి రేడియల్ ఆర్మ్ సా తయారుచేశాడు. అవును, ఆ పసుపు రంగు డివాల్టే. గొప్ప మెషినే, కానీ బరువు. ఒకచోట పెడితే అక్కడే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో ఇళ్లు వేలకొద్దీ లేస్తున్నాయి. తలుపుల చుట్టూ, గోడల అడుగున, సీలింగ్ అంచున చెక్క పట్టీలు కొట్టే వడ్రంగి గది నుంచి గదికి తిరగాలి. అంత మెషిన్ని మోసుకుని ఎలా తిరుగుతాడు? 1964లో రాక్‌వెల్ కంపెనీ మోటారు ఉన్న మైటర్ బాక్స్ తెచ్చింది. హ్యాండిల్ పట్టుకుని కిందికి దింపితే కట్ అయిపోతుంది.

ఇక ఆ 31.6. అమెరికన్ ఇళ్లలో గోడ, సీలింగ్ కలిసే మూలలో క్రౌన్ మోల్డింగ్ అనే చెక్క పట్టీ ఏటవాలుగా కూర్చుంటుంది. అక్కడ ఎక్కువగా వాడే రకం గోడతో 38 డిగ్రీలు, సీలింగ్‌తో 52 డిగ్రీలు చేస్తుంది. మెషిన్‌లో దాన్ని గోడకి ఆనినట్టే నిలబెట్టి కోయొచ్చు. కానీ పట్టీ వెడల్పైతే బ్లేడు కింద పట్టదు. పడుకోబెట్టి కోయాలంటే బ్లేడు ఒకేసారి రెండు వైపులా తిరగాలి: పక్కకి 31.6, ఏటవాలుగా 33.9. ఆ రెండు కోణాలూ ఒకే కోతలో ఇవ్వగలదు కాబట్టే 'కాంపౌండ్' అన్న పేరు. అంటే మా ఇంట్లో బల్ల మీద కూర్చున్న మెషిన్ స్కేలు మీద అమెరికా వాళ్ల సీలింగ్ చెక్కి ఉందన్నమాట!

మన సీలింగ్ మూలలో చెక్క ఎక్కడుంది? పీవోపీ పోస్తాం. నేను ఆ గీతని ఒక్కసారి కూడా వాడలేదు.

అలాగని కాంపౌండ్ దండగ అనను. నాలుగు కాళ్లూ బయటికి చాచి ఉండే చెక్క స్టూలు చూశారు కదా, కాలు ముందుకీ పక్కకీ రెండు వైపులా వంగి ఉంటుంది. దాని కొస నేలకి చదునుగా కూర్చోవాలంటే రెండు కోణాల కోత కావాలి. మన పాత వడ్రంగులు దాన్ని మూలమట్టం, కంటిచూపు, ఉలితోనే చేశారు. మనకి ఆ కన్ను లేదు కాబట్టి మెషిన్.

1980ల్లో హిటాచి లాంటి జపాన్ కంపెనీల స్లైడింగ్ రకాలు వచ్చాయి. బ్లేడు ముందుకు వెనక్కి జరుగుతుంది, వెడల్పు పలక కోస్తుంది. నోరూరిస్తుంది, నిజమే. కానీ ప్లైవుడ్ షాపులోనే మీ కొలతకి షీటు కోసిస్తారు. గోడ దగ్గర పెడితే వెనక పట్టాలకి చోటు కావాలి. ఫోటో ఫ్రేములు, బీడింగు, స్టూళ్లు చేసేవాళ్లకి స్లైడ్ లేని పది అంగుళాలది చాలు అంటాను.

డబ్బు ఖచ్చితత్వం మీద పెట్టండి. ఫ్రేముకి నాలుగు మూలలు, ఎనిమిది కోతలు. ఒక్కో కోతలో అర డిగ్రీ తేడా ఒకే వైపుకి పోతే చివరి మూల దగ్గర నాలుగు డిగ్రీల సందు. నా మొదటి ఫ్రేము, అమ్మ కోసం చేసింది, అలాగే నోరు తెరిచింది. స్కేలు చూపించే 45ని నమ్మాను, మూలమట్టం పెట్టి చూసుకోలేదు. కొనేటప్పుడు షాపులో హ్యాండిల్ పట్టుకుని పక్కకి ఊపి చూడండి. ఊగితే వద్దు.

బ్లేడు పళ్లు కూడా అడగండి. నీటుగా కోయాలంటే పది అంగుళాలకి 60 పళ్లు. వెల్డింగ్ షాపులో ఇనుము కోసే మెషిన్‌కీ చాప్ సా అనే పేరు ఉంది. చవగ్గా దొరికిందని దానికి చెక్క బ్లేడు బిగించొద్దు, అది ఆ పనికి కట్టింది కాదు. కోత అయ్యాక బ్లేడు పూర్తిగా ఆగేదాకా తల పైకి ఎత్తకండి. చిన్న ముక్కని వేళ్లతో పట్టుకోకండి, క్లాంప్ వాడండి.

డల్లాస్ మెషిన్ సంగతా? అది 120 వోల్టులది, 15 ఆంపియర్లు. అంటే 1800 వాట్లు. ఇంట్లో ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి తగిలించాను. మూడో కోతకి కాలిన వాసన వచ్చింది. దానికి సరిపోయే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ధర అడిగి, ఇంకొంచెం కలిపి ఇక్కడే 230 వోల్టులది కొన్నాను. పాతది అటక మీద ఉంది, బావ వచ్చినప్పుడల్లా కిందికి దింపుతాను.