పూటకూటియిల్లు

సత్రమునకుఁ బోయిన బాటసారికి అన్నము దొరకుట దాత ధర్మమువలన. పూటకూటియింటికిఁ బోయినవానికి దొరకుట తన రూకవలన. ఈ రెండింటిలో మొదటిదియే ప్రాచీనమనియు, అన్నము నమ్ముకొనుట పూర్వాంధ్రు లెఱుఁగరనియు, అది రైలుబండితోఁ గూడ వచ్చిన విపరీతమనియు పలువురు పండితులు సయితము చెప్పుచుందురు. ఈ యభిప్రాయము వినుట కింపుగా నున్నను సాక్ష్యముల యెదుట నిలువదు.

ముందుగా పదమునే విచారింపవలెను. కొందఱు పూటకూలి యని వ్రాసి, పూటకుఁ గూలి యిచ్చి భుజించుట యని యర్థము చెప్పుచున్నారు. ఇది బహువచనరూపమువలనఁ గలిగిన భ్రాంతి. త్రాడు త్రాళ్ళయినట్లు కూడు కూళ్ళగును. పూటకూళ్ళు అను మాటను మాత్రమే వినినవారికి దాని మూలము కూడో కూలియో తెలియదు. ఔపవిభక్తికరూపము ఆ సంశయమును దీర్చుచున్నది. నాఁడు నాఁటి యైనట్లు కూడు కూటి యగును. కూలిశబ్దమున కా రూపము రాదు. ప్రాచీనకావ్యమునఁ గానవచ్చునది పూటకూటి యను రూపమే కాఁబట్టి ఇందున్నది కూడే కాని కూలి కాదు. పూట యనఁగా దినమునం దొక భాగము, ఒక భోజనవేళ. ఆ యొక్క వేళకు మాత్రమే కూడు పెట్టు నిల్లు పూటకూటియిల్లు. విస్తరి యెత్తిన పిమ్మట తినినవానికిఁ బెట్టినవారికి ఋణము లేదు, బంధుత్వము లేదు. ఆతిథ్యమునకును దీనికిని గల భేద మంతయు ఆ పూట యను పదమునందే యున్నది.

సంస్కృతమున నీ భేదము మఱింత సూక్ష్మముగా నున్నది. పాణినీయమునఁ జతుర్థాధ్యాయ చతుర్థపాదమున, ఇది వీనికిఁ బణ్యము అను నర్థమందు ఠక్‌ప్రత్యయము విధింపఁబడినది (4-4-51). అచట కాశికావృత్తి ఉదాహరించినవారు అపూపములు, శష్కులులు, మోదకములు అమ్ముకొనువారు. వండిన పదార్థమును విక్రయించుట వ్యాకర్తలకు సామాన్యలోకవృత్తముగా నుండెననుట కింతకంటె నేమి కావలెను? అదే పాదమున, ఇది వీనికి నియతముగా నొసఁగఁబడును అను నర్థమందు టిఠన్‌ప్రత్యయ మున్నది (4-4-67). ఆ సూత్రములోని మాంసౌదనశబ్దమును విడఁదీసియుఁ గ్రహించువారి మతమున ఓదనికశబ్దము సిద్ధించును. ఠక్కు కిత్తగుటచే ఆదివృద్ధి కలుగును. టిఠన్నునం దది లేదు. అనఁగా నిత్యము అన్నము పెట్టించుకొనువాఁడు ఓదనికుఁడు. అన్నము పణ్యముగాఁ గలవాఁడు ఔదనికుఁడు. అమరమునందు ఔదనికశబ్దము వంటవాని పర్యాయములలోఁ జేరినది కదా యని యాక్షేపింపవచ్చును. అచట శిల్పార్థమునఁ బ్రత్యయము. రూప మొక్కటియే, అర్థము వేఱు. కౌటిల్యుఁ డర్థశాస్త్రమున నాగరకుని విధులను జెప్పుచు, ఈ యౌదనికుని మద్యము నమ్మువానితోను, పక్వమాంసము నమ్మువానితోను ఒకచోఁ జేర్చి, తా మెఱిఁగినవారినే తమ యింట బస చేయనీయవలెనని నియమించినాఁడు. కాఁబట్టి అతఁడు కేవలము వంటవాఁడు కాఁడు. అన్నము నమ్మి, బస యిచ్చి, వచ్చిపోవువారిని గుఱించి ప్రభుత్వమునకుఁ బూచీ పడినవాఁడు.

ధర్మశాస్త్రమో, వేఱుమాట చెప్పినది. మనుస్మృతి దశమాధ్యాయమున, ఆపదయందు వైశ్యవృత్తి నవలంబించిన బ్రాహ్మణుఁడు సయితము విడువవలసిన పణ్యములలోఁ గృతాన్నము, అనఁగా వండిన యన్నము, పేర్కొనఁబడినది. ఆపద్ధర్మమునందుఁ గూడ నిషిద్ధమైనది అనాపదయందు నిషిద్ధమని వేఱుగఁ జెప్పనక్కఱలేదు. అయినను తెలుఁగునాఁటఁ బూటకూటియిండ్లు నడపినవారిలోఁ బెక్కండ్రు బ్రాహ్మణులే. దీనికిఁ గారణము ఆచారలోపమని తలఁచుట తొందరపాటు. ఆచారదార్ఢ్యమే దీనికిఁ గారణము. అన్యులు వండినది ముట్టని బాటసారి తన యూరు విడిచిన నాఁడు మూఁడే త్రోవలు: తాను మడి కట్టుకొని వండుకొనుట, ఎవరి యింటనైన నతిథి యగుట, బ్రాహ్మణుఁడు వండినదానిని వెలకుఁ గొనుట. మొదటిదానికిఁ గట్టెలు, కుండలు, నీరు, తీఱిక కావలెను. రెండవది గృహస్థుని యనుకూలతనుబట్టి యుండును. ఇఁక మిగిలినది మూఁడవది. ఏ నియమము బ్రాహ్మణుని యన్నవిక్రయమును నిషేధించినదో, తినువాని పక్షమున నా నియమమే యన్నవిక్రయమునకు గిరాకిని గల్పించినది.

తెలుఁగున నీ వ్యవస్థకుఁ జక్కని సాక్ష్యము క్రీడాభిరామము. దీని కర్త వినుకొండ వల్లభరాయఁడా, శ్రీనాథుఁడా యను వాద మిచట నప్రస్తుతము. గోవిందమంచనశర్మయు టిట్టిభసెట్టియు నను మిత్రులు ఓరుగంటి వీథులలో నొక్క దినము విహరించుట ఇందలి కథ. ఆ నగరమునఁ బూటకూటివారిలో లక్ష్మణవజ్ఝల యనువాఁ డొకఁడు. అతని యింట నొక్క రూకకు దొరకు భోజనమును గవి యొక్క పద్యమున వర్ణించినాఁడు. కప్పురభోగి బియ్యపు వంటకము, గోధుమపిండితోఁ జేసిన వంట, పంచదార, అప్పుడు క్రొత్తగాఁ గాఁచిన యావునేయి, పెసరపప్పు, అరఁటిపండ్లు, నాలుగైదు విధముల నంజులు, గడ్డపెరుఁగు. ఇందు గమనింపవలసినవి రెండు. ఒక్కొక్క పదార్థమునకు వేఱుగ వెల లేదు. విస్తరి మొత్తమునకు రూక. ఇది తరువాతి కాలపు భోజనశాలలలోని పూర్తి భోజనపుఁ బద్ధతియే. రెండవది, కవి చెప్పినది పూటకూటియిల్లు అని సామాన్యముగాఁ గాదు, ఫలానివాని యిల్లని. పరదేశమున మంచి భోజనము వెదకువానికిఁ గావలసినది ఈ పేరే. పేరుపొందిన యింటినిగూర్చి యొకరి నొక రడిగి తెలిసికొనుట ఓరుగంటిలోను అలవాటై యుండెను కాఁబోలు.

ఆ పేరునందును ఒక విశేష మున్నది. వజ్ఝల యనునది ఉపాధ్యాయశబ్దభవమని తోఁచుచున్నది. ఉపాధ్యాయశబ్దమునకుఁ బ్రాకృతమున ఉవజ్ఝాయ యని రూపము. తెలుఁగున ఒజ్జ దానినుండి వచ్చినదే. అధ్యాపనవృత్తిచే నింటిపేరు వహించిన వంశమువాఁడు మనువు నిషేధించిన కృతాన్నమును రూక కమ్ముచుండఁగా, దానిని దోషముగఁ గాక నగరవైభవముగాఁ గవి కీర్తించినాఁడు. ఒక జాగరూకత మాత్రము వలయును. క్రీడాభిరామమునకు మూలము రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము. అది నేఁడు లభించుట లేదు. కాఁబట్టి యీ విస్తరి కాకతీయులనాఁటిదో, తెనిఁగించిన కవి తన కాలమునఁ జూచినదో నిశ్చయింపరాదు. ఏది యైనను రైలుబండికి మిక్కిలి పూర్వపుదే.

ఆ గ్రంథమే పూటకూటియింటికి మఱియొక కీర్తినిఁ గూడఁ గట్టిపెట్టినది. జారులకు రాయబారములు నడపుచు మన్మథుఁడు రేయింబవళ్ళు ఆ యింటనే మసలుచుండునని వర్ణన. భోజనమునకుఁ బ్రశంసయు, భోజనశాలకు నిందయు ఒక్క కావ్యముననే పుట్టినవి. ఈ నింద తరువాత నెవరిపైఁ బడినదో ముందు కానవచ్చును.

సత్రముల చరిత్ర విపులము. బహుదినసాధ్యమైన సోమయాగమునకుఁ బేరైన సత్త్రశబ్దము అన్నము పెట్టు నింటికి వచ్చుటయే యొక చరిత్ర. ఇందు రెండు సాక్ష్యములు చాలును. గుంటూరుమండలమున మందడము చెంత మల్కాపురమునఁ గల శాసనము శక 1183, అనఁగా 1261 నాఁటిది, రుద్రమదేవి కాలపుది. గోళకీమఠాచార్యుఁడైన విశ్వేశ్వరశివుఁడు తనకు లభించిన గ్రామముల యాదాయముతో మఠమును, విద్యాస్థానమును, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, అన్నసత్రమును నెలకొల్పినట్లు అందుఁ గలదు. ఆ సత్రమున బ్రాహ్మణుఁడు మొదలు చండాలుని వఱకు ఎవరు వచ్చినను, ఏ వేళ వచ్చినను అన్నము పెట్టవలెనని నియమము. నేఁడు ఆంధ్రప్రదేశ సచివాలయ మున్న వెలగపూడి యా దత్తగ్రామములలో నొకటి యనుట అచటివారికే తెలియదేమో!

రెండవది తిరుమల. పదునైదవ శతాబ్దమున సాళువ నరసింహుఁడు యాత్రికుల భోజనమునకై రామానుజకూటములను స్థాపించి, కందాడై రామానుజయ్యంగారి యధీనమున నుంచెను. అంతకంటె విచిత్ర మైనది ప్రసాదవిషయము. నైవేద్యమునకు ధన మిచ్చిన దాతకు నివేదితాన్నమున నాలవపాలు హక్కుగా వచ్చుచుండెను. ఆ హక్కును పరుల కిచ్చుటయు, అమ్ముటయుఁ గలదు. ఆ ప్రసాదమే వెలకు యాత్రికునిఁ జేరుచుండెను. దానమునకును విక్రయమునకును నడుమ గీఁత గీయఁబూనినవారు ఈ శాసనములను జదివిన మేలు.

కావ్యములలోని యాతిథ్యమును దలఁచినచోఁ బ్రవరుని యిల్లాలు స్మరణకు వచ్చును. వేళగాని వేళ వేయిమంది వచ్చినను వండుటకు విసుగని గృహిణి యామె. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుఁడు ఋతువునుబట్టి పదార్థములను మార్చి వైష్ణవులకు వడ్డించుట ప్రసిద్ధము. ఇవి యాదర్శములు; ఆదర్శము ప్రతి యూరను దొరకునని నమ్మి త్రోవ నడచినవాఁడు లేఁడు. కాశీక్షేత్రముననే వ్యాసునికి భిక్ష దొరకక శపింపఁబూనిన కథను శ్రీనాథుఁడు తెనిఁగించినాఁడు కదా.

ఆదర్శమును గాక యథార్థమును జూడఁగోరువారికి ఏనుఁగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర శరణ్యము. చెన్నపట్టణపు సుప్రీముకోర్టున దుబాసియైన యీతఁడు 1830 మే 18న బయలుదేఱి, కడప, హైదరాబాదు, నాగపురముల మీఁదుగాఁ గాశికిఁ బోయి, గయ, కలకత్తా, జగన్నాథముల మీఁదుగా 1831 సెప్టెంబరు 3న మఱల నిల్లు చేరెను. మజిలీ మజిలీకిని నీటివసతి యెట్టిది, దిగుటకుఁ జోటున్నదా, అంగళ్ళలో సామగ్రి దొరకునా, బ్రాహ్మణగృహములు కలవా యని వ్రాసికొనుచుఁ బోయినాఁడు. పరివారముతో, పల్లకితోఁ బోవు సంపన్నునికే యింత చింత యున్నప్పుడు మూట నెత్తినఁ బెట్టుకొని పోవువాని గతి యూహ్యము. 1838లో నచ్చుపడిన యీ గ్రంథమును భాషకై చదువువారు కలరు, భక్తికై చదువువారు కలరు. వెనుక వచ్చువానికిఁ గూడు దొరకు త్రోవను జూపిన గ్రంథముగా నెన్నువారు తక్కువ.

పదునెనిమిది, పంతొమ్మిదవ శతాబ్దములలోఁ బట్టణములకుఁ గ్రొత్తరకపు బాటసారులు వచ్చిరి. వ్యాజ్యెము లాడువారు, కచ్చేరి గుమాస్తాలు, ఇంగ్లీషుబడి విద్యార్థులు. వీరు యాత్రికులు గారు. సత్రములలో నెలల తరబడి యుండుటకు వలను పడదు. బంధుగృహమున నన్ని నాళ్ళు తినుట యభిమానభంగము. వీరికి వండి పెట్టినవారిలో దిక్కులేని వితంతువు లనేకులు. పునర్వివాహము లేదు, ఆస్తిలో హక్కు స్వల్పము. చేతనున్న విద్య వంట యొక్కటియే. మనువు నిషేధించిన పణ్యమే వారి జీవిక యయ్యెను. ఆ యన్నము తిని పరీక్షలు గెల్చినవారు, వ్యాజ్యెములు గెల్చినవారు పెద్దలైరి. అన్నము పెట్టిన యామె పూటకూళ్ళమ్మ యను నొక తక్కువమాటగా నిలిచెను. ఓరుగంటి కావ్యమున నింటికిఁ దగిలిన నింద ఇచట నాఁడుదానికిఁ దగిలినది. 1897లో నచ్చుపడిన కన్యాశుల్కమున గిరీశ మామె యింటఁ దిని, ఆమె సొమ్మును వాడుకొని, తప్పించుకొని తిరుగును. ఆమె చీపురుకట్టతో వెదకుచు వచ్చును. నాటకము చూచినవారు చీపురునకు నవ్వుదురు. సొమ్మెవరిదో యడుగువారు లేరు. గురజాడ యీ యన్యాయము నెఱుఁగఁడని కాదు. ఎఱిఁగియే యామె చేతికిఁ జీపురు నిచ్చినాఁడు. నవ్వువారి దృష్టికే అది రాలేదు.

రైలుబండి వచ్చి చేసిన పని అన్నవిక్రయమును బుట్టించుట కాదు. దానిని వీథిలోనికిఁ దెచ్చి పలకమీఁదఁ బేరు వ్రాయించుట. ఆ పలకలపైఁ బెక్కింట బ్రాహ్మణభోజనశాల యనియే యుండెడిది. స్టేషనులలోను జాతినిబట్టి పంక్తి వేఱుగ నుండెడిది. మల్కాపురశాసనము తెఱచిన తలుపును అమ్మకపుటిండ్లు మూసినవని చెప్పక తప్పదు. అది కొనువాని యాచారమువలన వచ్చినదే కాని అమ్మువాని స్వభావమువలనఁ గాదు. అయినను మూయఁబడినది మూయఁబడినదే. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన భారతరాజ్యాంగము తన పదునేనవ యధికరణమున, అంగళ్ళలోను భోజనశాలలలోను మతమునుబట్టియు జాతినిబట్టియు ప్రవేశమును నిరోధింపరాదని శాసించినది. మల్కాపురశాసనమునకుఁ దరువాత 689 ఏఁడుల కది.

గౌతమీపాయయైన వైనతేయ చెంత లంకలగన్నవరమున దొక్కా సీతమ్మ (1841–1909) రేవు దాఁటి వచ్చిన బాటసారులకు వేళయు, కులమును జూడక అన్నము పెట్టి యన్నపూర్ణ యనఁబరగెను. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజనమున కామె పేరే పెట్టినది. ఇది తగియున్నది. లక్ష్మణవజ్ఝల పేరు ఒక పద్యమువలన నిలిచినది. విజయనగరపుఁ బూటకూళ్ళమ్మకు నాటకమునఁ బేరు లేదు; పాత్రల పట్టికలోను పూటకూళ్ళమ్మ యనియే యున్నది.