సరిహద్దు తెలియని కడప రేడియో

మన కోలారు తెలుగు మాటల గురించి ఇక్కడ చాలామంది రాస్తున్నారు. ఆ మాటలకు ఇన్నాళ్ళు తోడుగా ఉన్న రేడియో గురించి నేను నాలుగు ముక్కలు రాస్తాను.

1970లలో కె.జి.ఎఫ్.లో మా బతుకు నాలుగు భాషల్లో నడిచేది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం, గని ఆఫీసులో ఇంగ్లీషు. చిత్తూరు వైపు నుంచి గని పనికి వచ్చిన చాలా కుటుంబాలది ఇదే లెక్క. నేను బడిలో తెలుగు చదవలేదు. కన్నడ అక్షరాలు వచ్చు కాబట్టి తెలుగు లిపి తర్వాత సులభంగానే పట్టుబడింది. కానీ పుస్తకాల తెలుగు చెవిన పడింది మాత్రం రేడియోలోనే.

1938లో మొదలైన మద్రాసు కేంద్రం తెలుగు కార్యక్రమాలు కూడా ఇచ్చేది. 1955లో వచ్చిన బెంగళూరు కేంద్రం కన్నడానిది. 1963లో కడప కేంద్రం వచ్చింది. కడప మనకు గాలిదారిన సుమారు 180 కిలోమీటర్లు. మీడియం వేవ్ తరంగాలు నేలను అంటిపెట్టుకుని దూరం పోతాయి, వాటికి రాష్ట్రాల సరిహద్దు తెలియదు. రాత్రయితే పై వాతావరణానికి తగిలి ఇంకా దూరం దిగుతాయి. అందుకే చీకటి పడ్డాక ముల్లు మెల్లగా తిప్పితే విజయవాడ, హైదరాబాదు కూడా గరగరమంటూ పలికేవి.

కడప వాళ్ళ రైతుల కార్యక్రమంలో యాస మనదానికి దగ్గర. మా అమ్మకు చదువు లేదు. ఒకసారి వార్తల్లో "బంగాళాదుంప" అని వినింది. "అదేమప్పా?" అనడిగింది. "మన ఉర్లగడ్డేమా" అంటే నవ్వింది. ఉల్లిపాయ అంటే మన ఎర్రగడ్డ, వేరుశనగ అంటే మన చెనిక్కాయ. ఇట్లా ఒక్కో వస్తువుకు రెండేసి పేర్లు జమ చేసుకున్నాం. అంతకన్నా పెద్ద లాభం ఇంకోటుంది. మనం ఇంట్లో మాట్లాడేది ఊరికే వంటింటి భాష కాదని, వార్తలూ నాటకాలూ నడిచే భాషని మాకు తెలిసింది.

తర్వాత ఎఫ్.ఎం. వచ్చింది. శబ్దం శుభ్రంగా ఉంటుంది, కానీ దాని తరంగం దాదాపు కనుచూపు మేర దాకానే. తిరుపతి, అనంతపురం ఎఫ్.ఎం.లు కొండలు దాటి మన ఊర్లకు సరిగా అందవు. బెంగళూరు ఎఫ్.ఎం.లో తెలుగు దొరకడం అరుదు. కేబుల్ టీవీ వచ్చింది. సెల్‌ఫోన్లలో మీడియం వేవ్ లేనే లేదు. ఇండ్లల్లో ఎల్.ఇ.డి. బల్బులు, చార్జర్లు చేసే గోలకు పాత సెట్టులో మాట కన్నా గరగరే ఎక్కువ. పెద్ద ట్రాన్స్‌మిటర్లకు కరెంటు ఖర్చు, మరమ్మత్తు భారం అని ఆకాశవాణి కూడా చాలాచోట్ల వాటిని ఒక్కొక్కటిగా ఆపేస్తూ వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, జనం పనుల కోసం చెదిరిపోయారు. వినేవాళ్ళూ తగ్గారు.

టీవీలో తెలుగు వస్తుంది కదా అంటారు. వస్తుంది, కానీ అది హైదరాబాదు తెలుగు. కడప రైతు గొంతు అందులో ఎప్పుడో గానీ వినపడదు.

మా మనవరాలు ఉర్లగడ్డ అనదు, బంగాళాదుంప అనీ అనదు. పొటాటో అంటుంది. మీ ఇంట్లో పాత రేడియో రోజులు తెలిసిన పెద్దలుంటే, వాళ్ళ మాటలు ఫోనులో రికార్డు చేసి పెట్టండి. ఏ స్టేషను వినేవారు, ఏ మాటకు నవ్వేవారు, అడగండి. ఈ ఖాతాలో జమ వేయాల్సింది ఇక మనమే.