సాలీడుకి ముసుగు

2008లో మన రామ్‌గోపాల్ వర్మ 'ఫూంక్' అనే హిందీ దెయ్యం సినిమా తీశారు. హాల్లో ఒక్కరే కూర్చుని పూర్తిగా చూసినవాళ్లకి ఐదు లక్షలు ఇస్తానని పందెం కూడా కాశారు. భయపడకపోతే గెలుపు, భయపడితే ఓటమి. మా శ్రీనగర్ కాలనీ చుట్టుపక్కల ఉన్న సినిమావాళ్లకి జనాన్ని ఉలిక్కిపడేలా చెయ్యడం కొట్టినపిండి. మరి నిజంగానే ఒళ్లంతా వణికిపోయేవాళ్ల సంగతేమిటి? ఆ ప్రశ్నకి జవాబు వెతికినవాళ్లలో వీడియో గేములు తయారుచేసేవాళ్లు ఉన్నారంటే ఆశ్చర్యంగా లేదూ!

1981లో అటారీ కంపెనీ 'సెంటిపీడ్' అనే ఆట తెచ్చింది. దాన్ని ఎడ్ లాగ్‌తో కలిసి తయారుచేసింది డోనా బెయిలీ అనే ఆమె. ఆ రోజుల్లో ఆ పనిలో ఆడవాళ్లు అరుదు. అందులోనూ జెర్రి, సాలీడు ఉన్నాయి. అయితే ఆ సాలీడు కొన్ని రంగు చుక్కల ముగ్గు, అంతే. ఏళ్లు గడిచేకొద్దీ బొమ్మలు నిజంలా మారాయి. సాలీడు కాళ్లమీది నూగు కూడా కనిపించే రోజులొచ్చాయి. ఫోబియా అంటే ఉత్త పిరికితనం కాదు. బొమ్మ చూసినా చాలు గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి, ఊపిరి ఆడదు. అలాంటివాళ్లు ఇష్టమైన ఆటని కూడా మధ్యలో వదిలేసేవారు.

2019లో వచ్చిన 'శాటిస్‌ఫ్యాక్టరీ' ఆటలో దీనికో చమత్కారం చేశారు. ఒక మీట నొక్కితే సాలీళ్ల స్థానంలో పిల్లి బొమ్మలు వస్తాయి. 2020లో అబ్సిడియన్ వాళ్ల 'గ్రౌండెడ్' వచ్చింది. పిల్లలు చీమంతై పెరట్లో తిరిగే ఆట అది. అక్కడ సాలీడు లేకపోతే ఎలా? అందుకని జరిపే మీట పెట్టారు. జరిపేకొద్దీ సాలీడు రూపం తగ్గిపోతూ, కాళ్లూ కోరలూ పోయి, చివరికి గుండ్రటి ముద్దలు మిగులుతాయి. అయినా అది మీదికొస్తుంది, కరుస్తుంది. ఆట తేలికైపోదు, రూపమే మారుతుంది. 2023లో 'హొరైజన్' ఆటలో లోతు నీళ్లంటే భయపడేవాళ్లకి నీటి అడుగున వెలుతురు పెంచి, ఊపిరి అయిపోకుండా చేశారు. అదే ఏడాది వచ్చిన 'లీథల్ కంపెనీ'లో అయితే, కావాలంటే సాలీడు బదులు దాని పేరు అక్షరాల్లో కనిపిస్తుంది.

అబ్సిడియన్‌ని 2018లో కొన్నది మైక్రోసాఫ్ట్. చేతులు సరిగా కదపలేనివాళ్ల కోసం ప్రత్యేకమైన ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ తెచ్చిందీ ఆ ఏడాదే. అప్పటికి ఆ కంపెనీ పగ్గాలు మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల చేతిలో ఉన్నాయి. సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన కొడుకుని పెంచడం తనకి ఎదుటివారి కష్టాన్ని అర్థం చేసుకోవడం ఎలా నేర్పిందో ఆయన 2017లో వచ్చిన తన పుస్తకంలో రాసుకున్నారు.

నాకు మాత్రం ఇదంతా చదువుతుంటే మన పెద్దవాళ్లే గుర్తొచ్చారు. రాత్రిపూట పాము అనకుండా 'పురుగు' అనేవారు. మశూచిని 'అమ్మవారు' అన్నారు. పాము పామే, జబ్బు జబ్బే. జాగ్రత్త తగ్గలేదు, వినేవాళ్ల గుండె మాత్రం కాస్త నిలబడింది. గ్రౌండెడ్ మీట చేసేదీ అదే కదా!

మన ఇళ్లల్లో మాత్రం 'మగపిల్లాడివి, బొమ్మకి భయమేంట్రా' అని నవ్వేస్తాం. ఆ నవ్వు విన్న పిల్లాడు భయం మానడు, చెప్పడం మానేస్తాడు. 'ఆ ఆట నాకిష్టం లేదు' అని పక్కకి తప్పుకుంటాడు. రేపు ఇంకేదైనా పెద్ద భయం వచ్చినా మన దగ్గరికి రాడు.

కాబట్టి అమ్మలూ, పిల్లలు కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు ఒకసారి పక్కన కూర్చోండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అన్నచోట ఇలాంటి మీట ఉందేమో చూడండి. అన్ని ఆటల్లోనూ ఉండదు. ఉంటే, ఎంతవరకు జరపాలో పిల్లల్నే చెప్పనివ్వండి.