కోడి దాణాలోకి యాంటీబయాటిక్ ఎలా వచ్చింది? ఆకు ఎందుకు తిరిగొస్తోంది?

ఈ ఎపిసోడ్‌లో కోడి గురించి మాట్లాడుకుందాం. బిర్యానీ గురించి కాదు, ఆ బిర్యానీలోకి వచ్చిన కోడి ఏం తిని పెరిగిందనే దాని గురించి.

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, మునగాకు పెట్టి పెంచిన బ్రాయిలర్, వేపాకు రసం కలిపిన దాణా అంటూ వీడియోలు వస్తున్నాయి. ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడు ఆకులెందుకు గుర్తొచ్చాయి? అది తెలియాలంటే 1940ల అమెరికాకి వెళ్లాలి. ఆ కథలో మన భీమవరంలో పుట్టిన ఒకాయన కూడా ఉన్నారు.

ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు. అప్పట్లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో, లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనలన్నిటికీ డైరెక్టర్. ఆయన కింద పనిచేసిన బెంజమిన్ డుగ్గర్ అనే పెద్దాయన రకరకాల చోట్ల నుంచి మట్టి తెప్పించి, అందులో మందుని తయారుచేసే సూక్ష్మజీవి ఏమైనా ఉందా అని వెతికేవారు. మిస్సోరీ యూనివర్సిటీ పొలం మట్టిలో ఒకటి దొరికింది. బంగారు రంగులో ఉండేది, అందుకే దాన్నుంచి వచ్చిన మందుకి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. 1948లో లోకానికి చెప్పారు. మనుషుల ప్రాణాలు కాపాడే మందు అది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు చనిపోయారు. ఆ తర్వాత జరిగింది ఆయన చూడలేదు.

ఏం జరిగిందంటే, అదే సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు కోడిపిల్లల మీద పనిచేస్తున్నారు. ఉత్త సోయా దాణా పెడితే పిల్లలు సరిగ్గా ఎదగవు. దానికి కారణం విటమిన్ బి12 లేకపోవడం. ఆరియోమైసిన్ తయారుచేసే సూక్ష్మజీవే బి12 కూడా తయారుచేస్తుంది. సరే, మందు తీసేశాక మిగిలిన పిప్పిని దాణాలో కలిపి చూశారు. పిల్లలు ఎదిగాయి. ఎంతలా అంటే, బి12 ఒక్కదాని వల్ల అంత ఎదుగుదల రాదు! ఆ పిప్పిలో మిగిలిపోయిన కాస్త యాంటీబయాటిక్కే కారణమని తేలింది. 1950లో ఈ వార్త బయటికొచ్చింది. 1951లో అమెరికా ప్రభుత్వం దాణాలో యాంటీబయాటిక్ కలపడానికి అనుమతిచ్చింది. టన్ను దాణాకి కొన్ని గ్రాములు చాలు. చవక, లాభం. ఎవరు వద్దంటారు?

నిజానికి హెచ్చరిక అప్పటికే ఉంది. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే చెప్పారు, తక్కువ మోతాదులో వాడితే సూక్ష్మజీవులు మందుకి అలవాటుపడిపోతాయని. కోడి కడుపులో జరిగింది అదే. బలహీనమైనవి చచ్చాయి, మొండివి మిగిలాయి, అవే పిల్లల్ని పెట్టాయి.

1969లో బ్రిటన్‌లో స్వాన్ కమిటీ దీని మీద గట్టిగా హెచ్చరించింది. ఎదుగుదల కోసం యాంటీబయాటిక్ పెట్టడాన్ని 1986లో స్వీడన్ నిషేధించింది. 2006 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ మొత్తం ఆపేసింది. మన దేశంలో 2019లో కోళ్లకి, పశువులకి కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించారు. కొలిస్టిన్ అంటే, ఐసీయూలో ఇంకే మందూ పనిచేయనప్పుడు డాక్టర్లు చివరగా తీసేది. అలాంటి మందు కోడి దాణాలో ఉండేదన్నమాట.

ఇప్పుడు ఆకు సంగతి. యాంటీబయాటిక్ తీసేస్తే ఆ ఖాళీలో ఏం పెట్టాలి? యూరప్ వాళ్లు ఒరెగానో వైపు చూశారు, పిజ్జా మీద చల్లుతారే, అదే. దాని నూనెలో కార్వక్రాల్ అనే పదార్థం ఉంటుంది, బ్యాక్టీరియా పైపొరని దెబ్బతీస్తుంది. మనం కుండీలో పెంచే వామాకు నలిపితే వచ్చే ఘాటులోనూ అది ఉంటుంది. మన దగ్గర మునగాకు, వేపాకు, తులసి, నేలవేము మీద పరిశోధనలు జరిగాయి. కొన్నిట్లో బరువు పెరిగింది, కొన్నిట్లో తేడా కనపడలేదు.

ఎందుకలా? ఆకు మాత్ర కాదు కదా. నేల మారితే, కాలం మారితే, ఎండబెట్టే తీరు మారితే, అందులో సరుకు మారుతుంది. ఎక్కువేస్తే ఇంకా మేలు అనుకోకండి. చేదుకి కోడి మేత తగ్గిస్తుంది, ఆకులోని టానిన్లు మాంసకృత్తుల అరుగుదలని అడ్డుకుంటాయి. జబ్బు పడ్డ కోళ్లకి డాక్టర్ని పిలవకుండా ఆకురసం పోస్తూ కూర్చుంటే మంద పోతుంది.

నిషేధం పెట్టిన దేశాలు నెట్టుకొచ్చింది కూడా ఒక్క ఆకుతో కాదు. పొడి ఊక, మంచి గాలి, శుభ్రమైన నీళ్లు, టైముకి టీకాలు. ఇవన్నీ ఉన్న షెడ్డులో ఆకు ఒక చెయ్యి వేస్తుంది, అంతే.

1950లో ఆ పిప్పి దాణాలోకి వెళ్లినప్పుడు అందరూ "ఎంత బరువు పెరిగింది?" అనే అడిగారు. "ఎంత పెట్టాలి, ఎన్నాళ్లు, తర్వాత ఏమవుతుంది?" అని అడిగినవాళ్లు తక్కువ. రేపు ఎవరైనా మీకు ఆకు పొడి డబ్బా అమ్మడానికొస్తే, ఆ మూడు ప్రశ్నలూ అడగండి. నాచురల్ అన్న మాట ఒక్కటే జవాబు కాదు.