మతారే యువజన క్రీడా సంఘం

కెన్యా రాజధాని నైరోబీలోని మతారే మురికివాడలో 1987లో కెనడా దేశస్థుడు బాబ్ మన్రో చొరవతో మొదలైన ఫుట్‌బాల్ సంస్థ. ఆట ఆడినంత మాత్రాన కుర్రాళ్లు దారిలో పడరు. ఈ సంఘం బలం ఆటలో కన్నా దాని నియమాల్లో ఉంది. మ్యాచ్ గెలిస్తేనే కాదు, పారలు పట్టి పేటలోని చెత్త ఎత్తినా, మురుగుకాల్వ బాగుచేసినా జట్టుకు లీగ్ పట్టికలో పాయింట్లు చేరతాయి. రెఫరీలు, శిక్షకులు, నిర్వాహకులు చాలావరకు అక్కడి యువతే. బాలికల జట్లు మాత్రం ఆలస్యంగా, 1990లలో వచ్చాయి.

చెత్త ఎత్తడం నగరపాలక సంస్థ పని కదా, బంతాటతో పేదరికం పోతుందా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. పేదరికం పోదు. కానీ సేవ చేసిన పిల్లలకు విడిగా దక్కిన పాయింట్లు బడి ఫీజులకు సాయంగా మారినప్పుడు, చదువు మానేయబోయే పిల్లవాడికి అది చిన్న ఆసరా కాదు. ఆటలోనూ ఫలితం కనిపించింది: సంఘం నుంచి 1994లో పుట్టిన మతారే యునైటెడ్ జట్టు 2008లో కెన్యా ప్రీమియర్ లీగ్ గెలిచింది.