దత్తమండలములు: ఒక సైనిక మైత్రికి చెల్లిన వెల

హైదరాబాదు నిజాము అలీఖాన్ భీరువై, సైన్యపు బాకీ తీర్చలేక, దత్తమండలములనబడు మన సీమను ఇంగ్లీషువారికి ధారపోసెనని వాడుకగా చెప్పుదురు. అనంతపురము వంటి కరవు పీఠభూమి ఎట్లు చేతులు మారినదో తెలియగోరువారికి ఈ మాట చాలదు. చాలకపోవుటే కాదు, నా దృష్టిలో ఇది సత్యము కూడ కాదు.

పరదేశి సైన్యమును భూమి నిచ్చి పోషించుట హైదరాబాదునకు కొత్త గాదు. 1753లో అప్పటి పాలకుడు సలాబత్ జంగు ఫ్రెంచి సేనాని బుస్సీ సేనల జీతములకై ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి కొప్పగించెను. 1759లో ఇంగ్లీషు సేనాని ఫోర్డు మచిలీపట్నమును పట్టుకొన్నపిదప అవి క్రమముగా ఇంగ్లీషువారి పాలయ్యెను. ఇదంతయు సుపరిచితమే.

వివాదమంతయు 1795 మొదలు 1800 వరకు గల కాలముననే యున్నది. 1795లో ఖర్దా వద్ద మరాఠాలు నిజామును ఓడించినపుడు, మిత్రులని నమ్మిన ఇంగ్లీషువారు గవర్నరు జనరలు జాన్ షోర్ నిర్ణయానుసారము తటస్థులైరి. దివాను అరిస్తూజా బందీగా పూనాకు పోవలసివచ్చెను. ఆ పరాభవము పిదప నిజాము కోరినది ఒక్కటే: మరాఠాలనుండి రక్షణ. అందుకై మొదట రేమాండు నడపిన ఫ్రెంచి దళమును పెంచెను. రేమాండు మరణించిన 1798లోనే, సెప్టెంబరు 1న, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పటాలములు ఆరింటికి ఏటా 24,17,100 రూపాయలు చెల్లించుటకు సమ్మతించెను. కొత్త గవర్నరు జనరలు వెల్లెస్లీ లక్ష్యము వేరు. నెపోలియను ఈజిప్టులో దిగిన ఆ సంవత్సరమున హైదరాబాదునుండి ఫ్రెంచివారిని తొలగించుట ఆయనకు ముఖ్యము. జీతములందక తమ అధికారులపైననే తిరుగబడియున్న ఫ్రెంచి దళపు సిపాయిలను అక్టోబరు 22న కంపెనీ సేనలు చుట్టుముట్టి, యుద్ధము లేకుండనే ఆయుధములు దింపించినవి.

ఇక 1800 అక్టోబరు 12 నాటి సంధిని పరిశీలింపవలెను. పటాలములు ఎనిమిదికి పెరిగెను; ఏ శత్రువు దండెత్తినను రక్షింతుమని కంపెనీ మాట యిచ్చెను; దానికి ప్రతిగా నిజాము 1792లోను, 1799లోను మైసూరు రాజ్యమునుండి తనకు లభించిన ప్రాంతములనే ఇచ్చివేసెను. తుంగభద్ర హద్దుగా నిలుచునట్లు, నదికి ఉత్తరమున కొన్ని తాలూకాలను తానుంచుకొని, దక్షిణముననున్న ఆదోనిని బదులిచ్చెను. ఇది బేరమే గాని బాకీ జప్తు గాదు. బాకీ కథ 1853లో అట్టి బాకీకై నిజాము రాజ్యమునుండి కంపెనీకి అప్పగింపబడిన బీరారుకు చెందినది. దానిని వెనుకకు లాగి మన సీమకు అంటగట్టిరని తోచుచున్నది.

ఇందువలన నిజాము దూరదర్శి యని నా వాదము కాదు. కంపెనీకి తెలుపక అన్యరాజ్యములతో సంప్రదింపులు జరుపనని ఆయన అదే సంధిలో ఒప్పుకొనెను. ఆయన లక్ష్యమునకు ఆయుర్దాయము తక్కువ. 1818లో మరాఠాల పేష్వా ప్రభుత్వమే అంతరించెను, చెల్లించిన వెల మాత్రము శాశ్వతమైపోయెను. కంపెనీ ప్రతి పటాలమును ఒక విశాల ప్రయోజనముతో ముడివేయగా, నిజాము తన ప్రయోజనమును ఒక్క శత్రువుతో ముడివేసెను.

ఆ వెల భారమెట్టిదో రైతులెరుగుదురు. 1800 నుండి 1807 వరకు ఈ మండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి, అనంతపురమున మకాము చేసిన థామస్ మన్రో, పాలెగాండ్ర నణచి భూములు కొలిపించి, తుదకు శిస్తు నూటికి ఇరువదియైదు తగ్గింపవలెనని తానే వ్రాసెను. అది అప్పుడు అంగీకృతము కాలేదు. ఆయన మద్రాసు గవర్నరైన పిదపనే అమలునకు వచ్చెను. నడుమ గడచిన సంవత్సరములలో మెట్టపొలముల రైతు ఏమనుభవించెనో ఏ సంధిపత్రమున నున్నది?

ఆనాటి సంధితో నేటి సైనిక మైత్రులను పోల్చి చూడవలెను. విశాఖ తీరమున 2019లో అమెరికాతో టైగర్ ట్రయంఫ్, 2022లోను 2024లోను అనేక దేశములతో మిలన్ అను నౌకాదళ విన్యాసములు జరిగినవి. 2016లో అమెరికాతో కుదిరిన సరఫరా ఒప్పందము స్థావరముల నిచ్చునది గాదు. భూమి పోలేదు, ఇతరులతో సంధి చేసికొను స్వేచ్ఛయు పోలేదు. ఈ భేదము సామాన్యమైనది కాదు, దీనిని నేను మనసార మెచ్చుకొందును. అయినను ఎన్ని నౌకలు వచ్చెను, ఎన్ని జెండాలు ఎగిరెను అను లెక్కలే పత్రికల నిండ కనబడుచున్నవి. ఏ అపాయమునకై ఈ మైత్రి, ఆ అపాయము తొలగినపుడు ఏ షరతు సడలును అను ప్రశ్నలు శాసనసభ్యుల నోటనైనను తరచుగా వినబడవు. ఒక సైనిక సంధికి వెలగా చెల్లిన నేలపై నివసించువారు ఆ ప్రశ్నలను అందరికంటె ముందుగా అడుగవలసియున్నారు.