కార్డొకటి, కడుపులు రెండు

అరకులోయ చుట్టుపక్కల కొండపల్లెల్లో ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం ఉద్యోగి వేలిముద్రల యంత్రం పట్టుకుని గడపగడపకూ వస్తాడు. ముద్ర పడితే 4,000 రూపాయలు చేతిలో పెడతాడు. అరుగు మీద ముసలాయన పక్కనే ముసలమ్మా ఉంటుంది. ఇద్దరిదీ దాదాపు ఒకటే ఈడు. గరువులో వలిసెలు కోసినా, తోటలో కాఫీపళ్లు ఏరినా ఇద్దరూ కలిసే. యంత్రం మాత్రం ఆయన వేలినే అడుగుతుంది. ఒక రేషన్ కార్డుకు ఒక్క పింఛనే.

వృద్ధాప్యంలో సర్కారు సాయం అందాలని రాజ్యాంగం 41వ అధికరణం చెప్పింది. అది ఆదేశిక సూత్రం, కోర్టుకెక్కి అడిగే హక్కు కాదు. 1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలుపెట్టి, 65 ఏళ్లు నిండిన నిరాధారులకు నెలకు 75 రూపాయలు ఇచ్చింది. నిరాధారులంటే సొంత సంపాదనా, ఇంట్లోవాళ్ల ఆసరా రెండూ లేనివాళ్లు. ఆ లెక్కన పెనిమిటి సంపాదన మీద బతికే ఆడమనిషికి ఆధారం ఉన్నట్టే.

2007లో నిరాధారులన్న మాట పోయి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబమన్న కొలత వచ్చింది. కేంద్రం వాటా అంతకుముందే, 2006లో 200 అయింది. 2009లో 40 దాటిన వితంతువులకు వేరే పింఛను పెట్టారు. 2011లో వృద్ధుల వయసు 60కి దించారు. ఇక డబ్బు పెంచే పని రాష్ట్రాలది. మన ఆంధ్రప్రదేశ్‌లో 200 దగ్గర ఆగిన మొత్తం 2014 అక్టోబరులో వెయ్యి, 2019 జనవరిలో 2,000 అయింది. అక్కణ్నుంచి మెట్లుమెట్లుగా 2024 జనవరికి 3,000కు చేరింది. అదే ఏడాది జూలై ఒకటిన పెరిగిన నాలుగు వేలూ, మూడు నెలల బకాయీ కలిపి ఏడు వేలు పంచారు.

మొత్తం ఇన్నిసార్లు మారినా ఇంటికొకటన్న సూత్రం చెక్కుచెదరలేదు. 2019 డిసెంబరు నిబంధనలు చూడండి. పల్లెలో కుటుంబ ఆదాయం నెలకు పదివేలు మించకూడదు. పల్లం మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లలోపే ఉండాలి. నాలుగు చక్రాల బండి, సర్కారు కొలువు ఉండకూడదు. దివ్యాంగుల వంటి కొందరిని మినహాయిస్తే కుటుంబానికి ఒక్క పింఛనే. మిగతావాళ్లకు 60 ఏళ్లయితే గిరిజనులకు 50కే అర్హత. కొండమీద ఒళ్లు తొందరగా అరుగుతుందని ఒప్పుకున్న మంచి నిబంధన ఇది. దాంతో మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకటి రెండేళ్ల తేడాతో అర్హులయ్యే ఇళ్లు ఏజెన్సీలో కొల్లలు. పుట్టినరోజు ఎవరూ రాసిపెట్టుకోని ఊళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి ఒకటే పుట్టినరోజు కాబట్టి, ఆలుమగలిద్దరికీ ఒకే రోజున వయసు నిండటమూ వింత కాదు. అర్హత ఇద్దరిది, అందేది ఒకరికి.

అదే ఇంట్లో ఇంకో కాగితం ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా. దానికి పరిమితి నాలుగు హెక్టార్లు, అంటే పదెకరాలకు ఇంచుమించు. పింఛను నిబంధనలోని మెట్ట హద్దూ అంతే. తేడా పేర్ల దగ్గర ఉంది. పెళ్లయినవాళ్లయితే పట్టా భార్యాభర్తలిద్దరి పేరనా ఉమ్మడిగా ఉండాలని ఆ చట్టమే రాసింది. కొండను ఇద్దరూ సాగుచేశారని ఒప్పుకున్న సర్కారే, ముసలితనం దగ్గరకొచ్చేసరికి ఒక్కరినే లెక్కపెట్టింది.

ఇతర దేశాలు వేరే దారి పట్టాయి. ఐర్లండ్‌లో పింఛనుదారు మీద ఆధారపడ్డ జీవితభాగస్వామి కోసం ఆ పింఛనుకే అదనపు మొత్తం కలుపుతారు. దానికీ ఆదాయ పరీక్ష ఉంది. భాగస్వామికి వారానికి వంద యూరోలకు మించి వస్తుంటే అదనం తగ్గుతూ పోయి, 310 దాటితే ఆగిపోతుంది. అక్కడ అడిగేది ఆమెకు ఎంత ఉందని. ఇక్కడ అడిగేది ఆమె ఇంట్లో ఇప్పటికే ఎవరికి వస్తోందని.

మన దగ్గర భార్యకు పింఛను తలుపు 2024 నవంబరులో కాస్త తెరుచుకుంది. పింఛను తీసుకుంటున్న భర్త పోతే, ఆ వెంటనే భార్యకు మంజూరుచేసే స్పౌజ్ కేటగిరీ వచ్చింది. మరణ ధ్రువపత్రం, ఆధార్ పట్టుకుని సచివాలయానికి వెళితే చాలు. అంతకుముందు వితంతు పింఛనుకు కొత్తగా అర్జీ పెట్టుకుని, మంజూరయ్యేదాకా చేతులు ముడుచుకు కూర్చోవలసి వచ్చేది. కేంద్ర ప్రభుత్వోద్యోగి భార్యకు కుటుంబ పింఛను 1964 నుంచీ ఉంది. అదే ఊరట నిరుపేద ఇల్లాలి దాకా రావడానికి అరవై ఏళ్లు పట్టింది.

ఇది చిన్న మేలు కాదు. అయితే ఇది రెండో పింఛను కాదు, ఉన్న ఒక్కటీ చేయి మారడం. ముసలాయన ఉన్నన్నాళ్లూ ఒక వేలిముద్ర మీద రెండు కంచాలు నిండాలి. రేకుపెట్టెలో పోడు పట్టా మీద ఆమె పేరు ఏనాడో ఎక్కింది. పింఛను జాబితాలో ఎక్కాలంటే మాత్రం ఆయన పేరు కొట్టేయాలి.